గుంటలోకి దించిన చేతులు ఎవరివి? బడిలో బుల్లీయింగ్, దాని వేర్లు

"సరదాగా ఏడిపించాను సార్."

తోటి పిల్లవాడి పుస్తకాలు చించి, అన్నం డబ్బా దాచేసి, లేని పేరు పెట్టి పిలిచి పట్టుబడిన ఏ పిల్లవాడిని అడిగినా సాధారణంగా వచ్చే జవాబు ఇదే. మనం కూడా ఆ మాట విని, రెండు చీవాట్లు పెట్టి వదిలేస్తాం. ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఏడిపించడం అంటే ఏడ్చేలా చేయడం. ఒకరు ఏడవడం ఇంకొకరికి సరదా ఎలా అయింది? "ఆటపట్టించడం" అని కూడా అంటాం. ఆ ఆట ఆడేది కొందరు, పట్టుబడేది మాత్రం ఎప్పుడూ ఒక్కడే. జరిగే హింసను చిన్నది చేసి చూపించే మాటలు మన నోట్లో ముందే తయారుగా ఉన్నాయి. అందుకే ఈ సంగతిని మనం చాలాకాలం పట్టించుకోలేదు.

ఇప్పుడు పిల్లలు దీన్ని బుల్లీయింగ్ అంటున్నారు. పేరు కొత్తది, పని మాత్రం పాతదే. ప్రియ చదువరులారా, ఈ వ్యాసంలో ఒకే ఒక్క మాట మీ ముందు పెట్టాలని నా ఆశ. బడిలో ఏడిపించే పిల్లవాడు తనంతట తాను కొత్తగా ఏదీ కనిపెట్టడు. ఎవరిని ఏడిపించినా పరవాలేదో ఆ పట్టిక మన దగ్గరనుంచే తీసుకుంటాడు.

బుల్లీయింగ్ అంటే ఏమిటి?

పిల్లల మధ్య వచ్చే ప్రతి గొడవా బుల్లీయింగ్ కాదు. ఇద్దరు సమానులు బంతి కోసం కొట్టుకుని, సాయంత్రానికి కలిసిపోతే అది గొడవ. ఈ విషయాన్ని 1970ల నుంచి పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు. ఒకటి, బాధపెట్టాలనే ఉద్దేశం. రెండు, అది మళ్ళీ మళ్ళీ జరగడం. మూడు, ఇద్దరి మధ్య బలంలో తేడా. ఈ మూడోదే అసలు సంగతి. బలం అంటే కండబలమే కాదు. కులం, డబ్బు, రంగు, భాష, మార్కులు, వెంట ఉండే స్నేహితుల గుంపు, ఇవన్నీ బలాలే.

నార్వే దేశంలో 1982లో ముగ్గురు బాలురు తోటివాళ్ళ వేధింపు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న తరువాత, 1983లో ఆ దేశం బడులన్నిటిలో దీనిమీద కార్యక్రమం మొదలుపెట్టింది. 2019లో యునెస్కో అనేక దేశాల లెక్కలు తీసి చూస్తే, ఒక్క నెల వ్యవధిలోనే బడి పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు తోటివారి వేధింపుకు గురైనట్టు తేలింది. మీ సండే స్కూల్లో 30 మంది పిల్లలుంటే ఈ లెక్కన పదిమంది. వాళ్ళెవరో మనకు తెలుసా?

నేనూ నవ్వినవాణ్ణే

ఇతరుల గురించి రాసేముందు నా సంగతి చెప్పుకోవాలి. మాలూరు అంటే ఇటుకలకు, పెంకులకు పేరుబడ్డ ఊరు. నేను చదివిన బడిలో ఒక పిల్లవాడు పెంకుల ఫ్యాక్టరీ కూలీల కొడుకు. పొద్దున అమ్మానాన్నలకు సాయంచేసి పరుగున బడికి వచ్చేవాడు. గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను అలాగే ఉండేది. వాడికి మేము "ఎర్రమన్ను" అని పేరు పెట్టాం. హాజరు పిలిచేటప్పుడు వాడి పేరు రాగానే వెనకనుంచి ఎవరో ఒకరు "ఎర్రమన్ను" అనేవారు. తరగతంతా నవ్వేది. ఒక్కోసారి అయ్యవారు కూడా నవ్వేవారు.

నేను ఆ పేరు పెట్టలేదు. వాడిని ఎప్పుడూ కొట్టలేదు. నవ్వాను, అంతే. ఏడో తరగతి మధ్యలో వాడు బడి మానేశాడు. ఎందుకు మానేశాడని మాలో ఎవరమూ అడగలేదు. ఆదివారం గుడిలో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న నాకు, సోమవారం బడిలో చేసిన ఆ నవ్వు పాపమని చాలా ఏళ్ళదాకా తోచలేదు. ఆ పేరు పెట్టినవాడికన్నా నవ్విన మేమే వాడిని బయటికి నెట్టామని ఇప్పుడు తెలుసు.

పిల్లలకు నేర్పినదెవరు?

మాలూరు తాలూకాలోనే ఈ మధ్య జరిగిన రెండు సంగతులు చూద్దాం. ఈ రెండూ పిల్లలు పిల్లలకు చేసినవి కావు. పెద్దలు పిల్లలకు చేసినవి. అందుకే మనకు కావాలి.

2022 సెప్టెంబరులో ఉల్లేరహళ్ళిలో భూతాయమ్మ జాతర జరిగింది. ఊరేగింపు దేవుడి గుంజను పదిహేనేళ్ళ దళిత బాలుడు ఒకడు ముట్టుకున్నాడు. మైలపడిందన్నారు. ఊరి పెద్దలు ఆ కుటుంబానికి 60,000 రూపాయల జరిమానా వేశారు. కట్టలేకపోతే ఊరు విడిచి పొమ్మన్నారు. కూలి చేసుకునే తల్లి అంత డబ్బు ఎక్కడ తెస్తుంది? చివరికి పోలీసు కేసు అయింది, అధికారులు వచ్చారు, వార్త దేశమంతా తెలిసింది.

2023 డిసెంబరులో అదే తాలూకాలోని యలవహళ్ళిలో, మొరార్జీ దేశాయ్ ఆశ్రమ పాఠశాలలో, దళిత విద్యార్థులను మరుగుదొడ్ల గుంటలోకి దించి శుభ్రం చేయించిన వీడియో బయటపడింది. వాళ్ళు హైస్కూలు వయసు పిల్లలు. చదువుకోవడానికి ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటున్నవాళ్ళు. ప్రిన్సిపాల్‌ను, ఒక ఉపాధ్యాయుణ్ణి అరెస్టు చేశారు.

చట్టం తన పని చేయాలి. కాని నా ప్రశ్న వేరు. ఆ జాతరలో నిలబడి చూసిన పిల్లలు ఏం నేర్చుకుని ఉంటారు? ఆ గుంట చుట్టూ నిలబడిన తోటి విద్యార్థులు ఏం నేర్చుకుని ఉంటారు? ఫలానావాడిని అవమానించవచ్చు, అడిగేవాళ్ళు లేరు అనే పాఠం అది. ఏ పుస్తకంలోనూ లేని ఆ పాఠాన్ని పిల్లలు ఒక్కరోజులో కంఠతా పడతారు. మరునాడు ఆటస్థలంలో దాన్నే అప్పజెబుతారు. అప్పుడు మనం "ఈ కాలపు పిల్లలు పాడైపోయారు" అంటాం.

మాలూరుకు తమిళనాడు ఎంతో దూరం కాదు. ఆ రాష్ట్రంలోని నాంగునేరిలో 2023 ఆగస్టులో, తనను కులం పేరుతో వేధిస్తున్నారని చెప్పుకున్న పన్నెండో తరగతి దళిత విద్యార్థిని, తోటి విద్యార్థులే ఇంటికి వెళ్ళి కత్తులతో నరికారు. అడ్డువచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ఆ తరువాత ప్రభుత్వం నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో ఇచ్చిన నివేదికలో, బడుల పేర్లలో కులం ఉండకూడదని, కులాన్ని తెలిపే రంగుదారాలు పిల్లలు చేతికి కట్టుకోకూడదని సూచించింది. చేతికి కట్టే దారం దాకా వెళ్ళి వెతకవలసి వచ్చిందంటే ఈ వేరు ఎంత లోతుగా దిగిందో చూడండి.

కారణాలు: ఐదు వేర్లు

మొదటిది ఇల్లు. నాన్న అమ్మను కసిరితే, అమ్మ పనిమనిషిని కసిరితే, అన్న తమ్ముణ్ణి కొడితే, బలం ఉన్నవాడు లేనివాడిపై చూపించాలని పిల్లవాడు గ్రహిస్తాడు. ఇంట్లో దెబ్బలు తిన్న ప్రతి పిల్లవాడూ వేధించేవాడు కాడు. కాని ఇంట్లో తన మాట వినేవాళ్ళు లేని పిల్లవాడు, బయట తన మాట వినిపించుకునేందుకు అడ్డదారి వెతుక్కోవచ్చు.

రెండోది బడి. మార్కులనుబట్టి బెంచీలు కేటాయించే అయ్యవారు, "మొద్దు", "దున్నపోతు" అని పిలిచే అమ్మగారు, తరగతిలో ఎవరిని చులకన చేయవచ్చో చూపించినట్టే. బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు.

మూడోది సమాజం ఇచ్చే పట్టిక. కులం, నలుపు, లావు, పేదరికం, వైకల్యం, నత్తి, తండ్రి లేకపోవడం, తల్లి చేసే పని. మన కోలారు ప్రాంతంలో దీనికి భాష కూడా తోడవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, వీధిలో తమిళం, ఉర్దూ. కన్నడంలో తెలుగు యాస పడితే నవ్వు. ఇటుక బట్టీలకు దూరరాష్ట్రాలనుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకైతే రెండు భాషలూ రావు. ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. మాలూరు తాలూకా మాస్తి పేరును తన పేరుగా చేసుకుని, కన్నడ సాహిత్యానికి జ్ఞానపీఠం తెచ్చిన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళం. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉండడం సిగ్గుపడే సంగతైతే ఆ గౌరవం ఈ నేలకు వచ్చేదే కాదు.

నాలుగోది గుంపు. వేధించేవాడు పిరికివాడనో, బాధల్లో ఉన్నవాడనో అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కాని చాలాసార్లు వాడు తరగతిలో నాయకుడు. వాడికి కావలసింది చూసేవాళ్ళ మెప్పు. ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సాల్మివల్లి 1996లో ఈ సంగతే చూపించారు. వేధించేవాడు, వేధింపు పడేవాడు మాత్రమే కాక, చేయి కలిపేవాళ్ళు, నవ్వి ఉసిగొలిపేవాళ్ళు, తప్పుకుపోయేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు, ఇలా తరగతిలో చాలామందికి ఏదో ఒక పాత్ర ఉంటుంది. నేను ఉసిగొలిపేవాళ్ళలో ఒకణ్ణి.

ఐదోది చేతిలోని ఫోను. మా కాలంలో వేధింపు బడి గంటతో ఆగేది. ఇల్లు చేరితే ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు, ఇన్‌స్టాగ్రామ్ వెంటబడి పడకగదిలోకి వస్తాయి. ఒక ఫోటోను వెక్కిరింపుగా మార్చి పెడితే, రాత్రికి రాత్రే ఊరంతా చూస్తుంది. పొద్దున ఆ పిల్ల బడికి ఏ ముఖంతో వెళ్ళాలి?

యోసేపు పడిన గుంట

గుంట అనగానే మనకు గుర్తుకు రావలసిన పిల్లవాడు ఇంకొకడున్నాడు. ఆదికాండము 37వ అధ్యాయం తీసి, ఈసారి బుల్లీయింగ్ కథగా చదవండి.

అక్కడ కూడా వేరు ఇంట్లోనే ఉంది. యాకోబు ఒక్క కొడుకునే ఎక్కువగా ప్రేమించి, వాడికే ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు. తండ్రి చూపిన పక్షపాతం అన్నల మనసుల్లో పగ అయింది. యోసేపు దూరంనుంచి రాగానే అతని కలలనుబట్టి వెక్కిరింపు పేరు పెట్టారు. తరువాత అంగీ లాగేశారు. తరువాత గుంటలో పడేశారు. మాట, వస్తువు, శరీరం, ఈ వరుస ఈనాటి బడిలోనూ ఇంతే. ఇక నన్ను ప్రతిసారీ కలవరపెట్టేది తరువాతి సంగతి. తమ్ముణ్ణి గుంటలో పడేసి, వాళ్ళు కూర్చుని భోజనం చేశారు.

రూబేను సంగతి మరీ గమనించాలి. అతనికి తమ్ముణ్ణి కాపాడాలని ఉంది. చంపవద్దని అన్నాడు కూడా. కాని ఆ గుంపు ఎదుట నిలబడి "ఇది తప్పు, వాడిని వదలండి" అనలేదు. తరువాత వచ్చి మెల్లగా పైకి తీసి తండ్రికి అప్పగించాలనుకున్నాడు. తిరిగి వచ్చేసరికి గుంట ఖాళీ. మంచి మనసుండి నోరు విప్పని మనలాంటివారందరికీ రూబేను ఒక అద్దం.

ఎన్నో ఏళ్ళ తరువాత ఐగుప్తులో ఇబ్బందుల్లో పడినప్పుడు, ఆ అన్నలకు మొట్టమొదట గుర్తుకొచ్చింది గుంటలోనుంచి తమ్ముడు బతిమాలిన గొంతు (42వ అధ్యాయం). బాధపడినవాడికే కాదు, బాధపెట్టినవాడికీ ఆ గాయం మానదు.

మన ప్రభువు కూడా ఈ ఆటకు బలైనవాడే. కావలివాళ్ళు ఆయన కళ్ళకు గంతలు కట్టి, కొట్టి, ఎవరు కొట్టారో చెప్పమని అడిగారు (లూకా 22). వాళ్ళకది పొద్దుపోని రాత్రి ఒక సరదా. తరగతి గది మూలలో ఒంటరిగా నిలబడిన పిల్లవాడి పక్కన క్రీస్తు ఉన్నాడని నమ్మడానికి మనకు ఇంతకంటే ఏం కావాలి?

"క్షమించు, వదిలేయ్" అనేముందు

క్రైస్తవ ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతోంది. పిల్లవాడు వచ్చి తన బాధ చెప్పుకోగానే, "రెండో చెంప చూపించమన్నాడు కదా ప్రభువు, క్షమించు, ప్రార్థన చేసుకో" అని పంపేస్తాం. క్షమాపణ గొప్పది. కాని బలహీనుడి నోరు మూయించడానికి దాన్ని వాడుకుంటే అది సువార్త కాదు. ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు యేసు మౌనంగా ఉండలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేమిటో చూపించు, సరిగా మాట్లాడితే ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18). తిరిగి కొట్టలేదు, అన్యాయాన్ని న్యాయమనీ ఒప్పుకోలేదు. మన పిల్లలకు నేర్పవలసిన దారి ఇదే.

గుర్రం జాషువా చిన్నతనం మనకు తెలిసినదే. 1895లో వినుకొండలో పుట్టిన ఆ క్రైస్తవ బాలుణ్ణి బడిలో కులం పేరుతో హేళన చేశారు. ఆయన తలవంచుకుని ఊరుకోలేదు, తిరగబడ్డాడు. ఆ ఆత్మగౌరవమే పెద్దయ్యాక 1941లో 'గబ్బిలం' అయి మన చేతికొచ్చింది. జాషువాను మనవాడని గర్వంగా చెప్పుకుంటాం. అలాంటి అవమానాలకు బడి మానేసి, కవి కాలేకపోయిన పిల్లలు ఎందరో. వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు.

"మా కాలంలోనూ ఉండేది, మేము బాగుపడలేదా?" అని కొందరు పెద్దలు అంటారు. బాగుపడినవాళ్ళే కదా ఆ మాట చెప్పడానికి మిగిలారు. బడి మానేసినవాడు వచ్చి చెప్పడు.

మనమేం చేయాలి?

తల్లిదండ్రులారా, మీ బిడ్డ హఠాత్తుగా బడికి వెళ్ళనంటే, పొద్దున్నే కడుపునొప్పి అంటే, పుస్తకాలు, డబ్బులు తరచుగా పోగొట్టుకుంటే, ముందు కోప్పడకండి. పక్కన కూర్చుని వినండి. "నువ్వేం చేశావు?" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరు చూస్తుండగా జరిగిందో రాసిపెట్టుకుని, ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా ఇవ్వండి. కర్ణాటకలోని ప్రభుత్వ బడులకు ఎస్‌డీఎంసీ ఉంది, అందులో తల్లిదండ్రులే సభ్యులు. అక్కడ ఈ మాట ఎత్తండి. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098, మనసు కుంగినప్పుడు టెలి మానస్ 14416, ఈ రెండు నంబర్లూ ఇంట్లో గోడమీద రాసిపెట్టండి. ఫోను చేయడానికి డబ్బు ఖర్చు కాదు. కులం పేరుతో అవమానం జరిగితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. రాజీ పేరుతో దాన్ని దాచకండి.

మీ బిడ్డే వేధించేవాడని తెలిస్తే? అది ఇంకా కష్టం. చాలామంది "మావాడు అలాంటివాడు కాదు" అంటారు. కొట్టి సరిచేయాలనుకోవద్దు. బలంతో ఎవరినైనా లొంగదీయవచ్చనే పాత పాఠమే వాడికి మళ్ళీ అందుతుంది. జక్కయ్య చేసినట్టు, పాడుచేసినదాన్ని బాగుచేసే దారి చూపించండి. చింపిన పుస్తకం తానే కొనివ్వాలి. అందరి ముందు అవమానిస్తే అందరి ముందు తప్పు ఒప్పుకోవాలి.

సంఘ పెద్దలారా, కాపరులారా, మన గుడి కూడా ఒక బడే. కూటంలో ఎవరి పిల్లలు ముందు వరుసలో కూర్చుంటారు? క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం ఎప్పుడూ తెల్లగా ఉన్న పిల్లకే ఎందుకు? నల్లగా ఉన్నవాడికి హేరోదు భటుడి వేషమే ఎందుకు? ప్రసంగంలో నత్తివాళ్ళమీద, లావుగా ఉన్నవాళ్ళమీద హాస్యం ఎందుకు? పెళ్ళి సంబంధాలదగ్గర మనం చూసే కులం మన పిల్లలు చూడరనుకున్నామా? చిన్నవారిలో ఒకరికి అడ్డంకి కలిగించేవాడి మెడకు తిరుగటిరాయి కట్టే మాట ప్రభువు చెప్పినది ముందుగా మనలాంటి పెద్దలకే.

యౌవనులారా, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ఒకే మాట. కెనడా బడుల ఆటస్థలాల్లో వేధింపు జరిగేటప్పుడు వీడియో తీసి పరిశీలించిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. చూస్తున్న పిల్లల్లో ఎవరైనా అడ్డుపడినప్పుడు, సగానికిపైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. పది సెకన్లు! "వదిలేయండ్రా" అనడానికి పట్టే సమయం. గుంపుకు ఎదురు నిలబడే ధైర్యం లేకపోతే, కనీసం నవ్వకండి. ఆ ఫోటోను ముందుకు పంపకండి. భోజనాల గంటలో వెళ్ళి వాడి పక్కన కూర్చోండి. పెద్దవాళ్ళకు చెప్పండి. అది చాడీ కాదు, సాక్ష్యం.

పెంకుల ఫ్యాక్టరీ కూలీల కొడుకు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఎక్కడైనా కనిపిస్తే క్షమాపణ అడగాలని ఉంది. మొదటి మనిషిని దేవుడు నేలమంటితో చేశాడని చదువుకున్నాం. ఆదాము అనే ఆ పేరే హెబ్రీ భాషలో నేల అనే మాటకు చుట్టం. వాడిని మేము వెక్కిరించి పిలిచిన పేరు మా అందరిదీ.

ఈ ఆదివారం గుడినుంచి ఇంటికి వెళ్ళాక, మీ ఇంటి పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి. "మీ తరగతిలో ఒంటరిగా అన్నం తినే పిల్లవాడు ఎవరు?" పేరు చెబితే, సోమవారం ఏం చేయాలో కలిసి ఆలోచించండి. రూబేనులా తరువాత వద్దామనుకోకండి. మనం తిరిగి వచ్చేసరికి గుంట ఖాళీగా ఉండవచ్చు.